తూమెత్తు అన్న గొంతు

నేను ఫిజికల్ సైన్స్ టీచర్ని. జిల్లా పరిషత్ హైస్కూళ్ళలో ఇరవై ఏడేళ్ళు పాఠాలు చెప్పాను. దయ్యం పట్టిందని వేపమండలతో బాదుతున్న ఒక పిల్లని లాక్కెళ్ళి, పొదిలి ఆసుపత్రిలో చేర్పించి రక్తం ఎక్కించినదాన్ని. నిమ్మకాయ కోస్తే రక్తం కారే గారడీని ఎనిమిదో తరగతి పిల్లల చేత స్కూలు వార్షికోత్సవంలో చేయించి, మా ఊరి మంత్రగాడి బేరం పోగొట్టాను. ఆయన ఇప్పటికీ నేనెదురైతే మొహం తిప్పుకుంటాడు. దయ్యాలను నమ్మడం అటుంచి, నమ్మేవాళ్ళతో ఓపిగ్గా మాట్లాడటం కూడా నాకు చేతకాదు.

అలాంటి నేను ఇది రాస్తున్నానంటే మా కోలాటం జట్టు వాళ్ళు పోరుపెట్టబట్టే. "మేం చెబితే ఎవరు నమ్ముతారు టీచరమ్మా, నువ్వు రాస్తేనే నమ్ముతారు" అన్నారు. నమ్మించే పని నాది కాదు. చూసింది చూసినట్టు, విన్నది విన్నట్టు రాస్తాను.

మాది పొదిలి దగ్గర మెట్ట పల్లె. కంది, పొగాకు, పత్తి, బోరు పడిన అదృష్టవంతులకు మిరప. మా ఊరికి ఏదైనా గొప్ప ఉందంటే అది ఆడవాళ్ళ కోలాటమే. మా గురువు సుబ్బరత్తమ్మ. ఊరందరికీ రత్తమ్మత్త. అప్పటికే అరవై దాటిన మనిషి. పగలు తన రెండెకరాల పత్తిచేలో కలుపు తీసి, సాయంత్రం మాకు కోపులు నేర్పేది. కోపు అంటే కోలాటంలో ఒక అడుగుల వరస. ఆమె మధ్యలో నిలబడి కేకేస్తే మేం కోపు మారుస్తాం. ఆ కేకకి రోడ్డు మీద ఆర్టీసీ బస్సు కూడా ఆగుతుందని ఊళ్ళో వేళాకోళం. నిజంగానే ఒకసారి ఆగింది.

మా జట్టు పేరంతా జడకోపు వల్ల వచ్చింది. ఒక స్తంభం పైన ఎనిమిది రంగుల తాళ్ళు కడతారు. ఎనిమిది మందిమీ ఎడంచేత్తో తలా ఒక తాడు పట్టుకుని, కుడిచేత్తో కోల ఆడిస్తూ, నలుగురం ఇటు, నలుగురు అటు తిరుగుతాం. ఎదురొచ్చినవాళ్ళని ఒకసారి లోపలి నుంచి, ఒకసారి బయటి నుంచి దాటుతూ పోతే పైన తాళ్ళు జడలా అల్లుకుంటాయి. మళ్ళీ వెనక్కి ఆడితే ఆ జడ విడిపోతుంది. అల్లడం ఎవరైనా అల్లుతారు, విప్పడమే విద్య. ఒక్కరు ఒక్క దాటు తప్పితే పైన పీటముడి పడుతుంది, ఇక కదలదు.

రెండువేల ఐదు వేసవిలో మాకు స్పెయిన్ నుంచి పిలుపొచ్చింది. హైదరాబాదులో జానపద కళల పని చూసే ఒక పెద్దమనిషి మా ఆట వీడియో తీసి పంపాడట. స్పెయిన్ ఉత్తరాన సముద్రం పక్కన సాన్ సెబాస్టియన్ అనే పట్నం, అక్కడ వేసవిలో జరిగే జానపద ఆటల పండగ. ఆ ఊరివాళ్ళు బాస్క్ జాతివాళ్ళు, వాళ్ళ భాషలో ఊరి పేరు దొనోస్తియా. ఎనిమిది మంది ఆటగత్తెలు, ఒక గురువు, మొత్తం తొమ్మిది మందికి టికెట్లు. మా ఎనిమిది మందిలో నేనూ ఒకతెని. ఇంగ్లీషు వచ్చింది కూడా నాకొక్కదానికే.

బయల్దేరే నాలుగు రోజుల ముందు రత్తమ్మత్త బోరు దగ్గర బురదలో జారి పడి చీలమండ విరగ్గొట్టుకుంది. కాలికి సిమెంటు కట్టు. మేమందరం మంచం చుట్టూ చేరి ఏడ్చాం. ఆమె మాత్రం ఏడవలేదు.

"ఏడుపులాపి పోండి. నేను లేకపోతే ఆట ఆగుద్దా? మామూలు కోపులన్నీ ఆడండి. జడ మాత్రం ఎయ్యబాకండి. విప్పేటప్పుడు కేకేసే మనిషి లేకపోతే పరువు పోద్ది. ఇను టీచరమ్మా, నీకే చెప్పేది."

సరేనన్నాను. తాళ్ళు మాత్రం పెట్టెలోంచి తియ్యలేదు. ఎందుకు తియ్యలేదో నాకే తెలుసు. ఆమెకి ఇచ్చిన మాట కంటే నా గొప్ప నాకెక్కువ.

స్పెయిన్ రాజధాని మద్రిదులో విమానం దిగి, బస్సులో ఆరేడు గంటలు ప్రయాణం చేసి ఆ ఊరు చేరాం. మాకు తోడుగా మాయిటే అని ఒక కాలేజీ పిల్లని పెట్టారు. ఆ పేరుకి మావాళ్ళ నోరు తిరగక మొదటి గంటలోనే మైథిలి అని మార్చేశారు. ఆ పిల్ల కూడా మైథిలి అంటే పలికేది.

ఊరు చూపిస్తానని మర్నాడు తీసుకెళ్ళింది. గవ్వలా వంగిన సముద్రం, మధ్యలో చిన్న లంక, రెండు పక్కలా రెండు కొండలు. ఇసక నిండా మనుషులు ఎండకి పడుకుని ఉన్నారు, ఒక పక్క కాగగానే రెండో పక్కకి తిరుగుతున్నారు. కళ్ళంలో మిరపకాయలు ఆరబోసినట్టుందని మావాళ్ళు ఒకటే నవ్వు. మనం ఎండ తప్పించుకోవడానికి చస్తుంటే వీళ్ళు ఎండ కోసం ఊళ్ళు దాటి వస్తారట. మేం చీరలు మోకాళ్ళ దాకా ఎత్తి కట్టి నీళ్ళలో దిగాం. కొత్తపట్నం సముద్రంలా వెచ్చగా ఉంటుందనుకున్నాం. కెవ్వుమని అరిచి బయటికొచ్చాం. చుట్టూ ఉన్నవాళ్ళు చప్పట్లు కొట్టారు.

పడవలో లంకకి వెళ్ళాం. ఏటవాలుగా కొండెక్కే చిన్న రైలు ఎక్కాం. అదెక్కుతున్నంత సేపూ మా జట్టులో చిన్నది లచ్చిమి కళ్ళు మూసుకుని కొండలరాయుణ్ణి తలుచుకుంది, దిగాక అంతా చూశానని కోసింది. ఒక మైదానంలో రాళ్ళెత్తే పందెం చూశాం. మన దగ్గర గుండు ఎత్తినట్టే, భుజం మీదికి దొర్లించి పడేస్తారు. అంగట్లో ఎండు మిరపకాయల దండలు వేలాడుతుంటే మావాళ్ళ ప్రాణం లేచొచ్చింది. అందరూ తలా ఒకటి కొరికారు. రంగే తప్ప కారం లేదు. "మన కాయ ఒక్కటి ఈ ఊరికి చాలు" అని తేల్చేశారు. మధ్యాహ్నం సన్నటి తుంపర పడింది. దాన్ని అక్కడ సిరిమిరి అంటారని మైథిలి చెప్పింది. అది ఖచ్చితంగా మన తెలుగు మాటే, వీళ్ళు ఎత్తుకుపోయారని లచ్చిమి వాదన. నేను కాదన్నా వినలేదు.

అంత గొప్పగా తిరిగాం. బోరు నీళ్ళ కోసం వంతులేసుకునే మేం, ఆ దొరల వీధుల్లో మా చీరల్తో తలెత్తుకు నడుస్తుంటే, చెప్పొద్దూ, నా గుండె ఉప్పొంగింది.

ఆ మర్నాడు మధ్యాహ్నం పన్నెండుకి మా ఆట. పాత ఊళ్ళో నాలుగు వైపులా మేడలున్న చౌకు అది. ప్రతి కిటికీకి పైన ఒక అంకె రాసి ఉంటుంది. ఒకప్పుడు అక్కడ ఎద్దుల పోరాటాలు జరిగేవట, చూడటానికి ఆ కిటికీలు అద్దెకిచ్చేవాళ్ళట. మన ఒంగోలు గిత్తని దింపితే ఆ పోరాడేవాడే కిటికీ ఎక్కేవాడని మాలో ఒకామె అంది.

మాకంటే ముందు ఆ ఊరి పిల్లలు ఆడారు. కర్రలతో కోలాటం లాంటిదే ఆడారు. తర్వాత ఒక నిలువెత్తు మనిషి మధ్యలో స్తంభం పట్టుకుని నిలబడ్డాడు. స్తంభానికి రంగుల పట్టీలు. అవి పట్టుకుని తిరుగుతూ అల్లారు, విప్పారు. మావాళ్ళు నోరెళ్ళబెట్టారు. అచ్చం మన జడకోపే.

మైథిలి మొహం వెలిగిపోతోంది. ఇలాంటిది మీ దగ్గరుందా అని అడిగింది. ఉందని ఊరుకోవచ్చు కదా. "దీనికంటే గొప్పది ఉంది. మేం కోల ఆడిస్తూ అల్లుతాం" అన్నాను. ఆ పిల్ల పరుగెత్తుకెళ్ళి మైకు దగ్గర చెప్పేసింది. జనం చప్పట్లు. ఆ స్తంభం పట్టుకున్నాయన స్తంభంతో సహా మా వైపు నడిచొచ్చాడు.

"గురువు వద్దంది కదా టీచరమ్మా" అని లచ్చిమి నా కొంగు పట్టుకుంది. వదిలించుకుని తాళ్ళు తీసి, ఆయన పట్టుకున్న స్తంభానికి కట్టించాను.

అల్లడం బ్రహ్మాండంగా అల్లాం. చౌకంతా ఈలలు. విప్పడం మొదలుపెట్టాం. మూడో చుట్టులో లచ్చిమి లోపలి నుంచి దాటాల్సింది బయటి నుంచి దాటింది. నేను చూశాను. అప్పటికే ఇంకో రెండు దాట్లు పడిపోయాయి. పైన తాళ్ళు బిగుసుకున్నాయి. నా చేతిలో తాడు రాయిలా అయింది. ఎనిమిది మందిమీ అడుగు అక్కడే వేస్తున్నాం, ముందుకి పోలేం, వెనక్కి రాలేం. సుబ్బరత్తమ్మ జట్టు పరువు పరాయి దేశంలో పోయింది, పోగొట్టింది నేను. నా మనసులో ఉన్నదదొక్కటే.

అప్పుడు కేక వినపడింది.

"తూమెత్తు!"

రత్తమ్మత్త గొంతు. స్తంభం దగ్గర్నుంచి. అనుమానమే లేదు, ఆ గొంతు పన్నెండేళ్ళు విన్నదాన్ని.

తూమెత్తడమంటే చెరువు తూము తలుపు పైకి లాగి నీళ్ళు వదలడం. అది ఒక కోపు పేరని మాకెవరికీ తెలీదు. రత్తమ్మత్త ఆ మాట ఎప్పుడూ వాడలేదు. కానీ ఆ కేకకి మా నలుగురి చేతులూ తాళ్ళతో సహా పైకి లేచాయి. అటు తిరిగే నలుగురూ ఇద్దరిద్దరుగా వంగి, మా చేతుల కిందుగా స్తంభం దాకా దూరి, అక్కడ తిరిగి బయటికొచ్చారు. ఇంకోసారి అలాగే. ముడి సడలింది. తర్వాత మా మామూలు అడుగే. జడ చివరి దాకా విడిపోయింది.

జనం లేచి నిలబడ్డారు. అదంతా ఆటలో భాగమనుకున్నారు. ఆ ఊళ్ళో గెలిచినవాళ్ళకి పెద్ద నల్లటి టోపీ పెట్టడం ఆచారమట. స్తంభం పట్టుకున్న ఆ నిలువెత్తు మనిషి తన నెత్తి మీదది తీసి నా నెత్తిన పెట్టాడు. మా గురువుకి ఇవ్వమన్నాడని మైథిలి చెప్పింది.

బసకి రాగానే నేను చేసిన మొదటి పని, మిగతా ఏడుగురినీ విడదీయడం. ఒకరితో ఒకరు మాట్లాడుకోకముందే ఒక్కొక్కరినీ విడిగా పిలిచి అడిగాను, ఏం విన్నావని. అందరూ తూమెత్తు అనే అన్నారు. ఎవరి గొంతని అడిగితే అందరూ రత్తమ్మత్తదే అన్నారు. లచ్చిమి మాత్రం అవునని తలూపి ఊరుకుంది. తప్పు తనదని సిగ్గుపడుతోందనుకుని నేను గుచ్చలేదు.

భయంలో చెవులు అలవాటైన గొంతే వింటాయని నాకు నేను చెప్పుకున్నాను. మాలో ఎవరో అనుకోకుండా అరిచి ఉంటారనీ, ఆ మాటలోనే చెయ్యాల్సిన పని ఉంది కాబట్టి చేతులు లేచాయనీ సర్దుకున్నాను. అరిచిందెవరని అడిగితే నేను కాదంటే నేను కాదన్నారు. గొప్ప వచ్చే చోట కూడా ఎవరూ నాదనలేదు, అది మాత్రం మింగుడు పడలేదు.

ఊరికొచ్చాక రత్తమ్మత్తకి టోపీ ఇచ్చాం. జడ వేశామని చెప్పలేదు. ఎనిమిది మందిమీ ఒట్టేసుకున్నాం. ఆ రోజు మనకి మధ్యాహ్నం మూడున్నరప్పుడు ఆమె ఏం చేస్తోందో మాత్రం వాకబు చేశాను. పొదిలిలో ఎముకల డాక్టరు దగ్గర కట్టు మార్పించుకుంటోంది. నోరెత్తలేదని పక్కనున్న ఆమె తమ్ముడే చెప్పాడు.

మూడు నెలలకి మైథిలి మా ఆట సీడీ పోస్టులో పంపింది. ఊరందరికీ తెలిసిపోయింది. రత్తమ్మత్త కర్ర ఊతంతో మా ఇంటికొచ్చి టీవీ ముందు కూర్చుంది. మావాళ్ళంతా గోడకి చేరారు. ఇక దాచేదేముంది, పెట్టాను.

స్తంభం కనపడగానే నా వైపు ఒక చూపు చూసింది. అల్లడం చూస్తూ వేళ్ళతో తాళం వేసింది. లచ్చిమి తప్పిన చోట "ఛ" అంది. ముడి పడింది. సీడీలో ఆ ఊరివాళ్ళ డోలు, జనం గోల తప్ప ఇంకే గొంతూ లేదు. కానీ ఎనిమిది తలలూ ఒక్కసారి స్తంభం వైపు తిరిగాయి. స్తంభం పట్టుకున్న ఆ పెద్దమనిషి కూడా తన వెనక్కి తిరిగి చూశాడు. అది నేనూ అప్పుడే చూడటం. ఆయనకి తెలుగు రాదు, మా గురువెవరో తెలీదు. ఆయన వెనక ఎవరూ లేరు.

తర్వాత మా చేతులు లేచాయి. రత్తమ్మత్త కర్ర వదిలేసి లేచి నిలబడింది.

"ఆపు. వెనక్కి తిప్పు."

మూడుసార్లు తిప్పించింది.

"ఈ కోపు మీకెవరు నేర్పారే?"

"నువ్వే కదత్తా, తూమెత్తు అని కేకేశావు. అందరం విన్నాం" అన్నాను.

"నేనా? నాకు రాని కోపు నేనెట్టా చెబుతానే?"

అప్పుడు లచ్చిమి నోరు విప్పింది. "నాకు ఇంకో ముక్క కూడా ఇనపడింది అత్తా. తూమెత్తు, వంగవే రత్తీ, అంది. నీ పేరు నువ్వే పిలుచుకుంటావా అని, తప్పు విన్నానేమోనని టీచరమ్మకి చెప్పలా."

రత్తమ్మత్త మెల్లగా కూలబడింది. ఆమెని రత్తి అని పిలిచేవాళ్ళు ఊళ్ళో ఎవరూ మిగల్లేదు.

సంగతంతా చెప్పింది. ఆమె పన్నెండేళ్ళ పిల్లగా ఉన్నప్పుడు వాళ్ళమ్మ గురువు. కనిగిరిలో కొండ కింద పందెం. విప్పేటప్పుడు రత్తి దాటు తప్పింది, లోపలి నుంచి పోవాల్సింది బయటి నుంచి పోయింది. ముడి పడింది. వాళ్ళమ్మ తూమెత్తు అని కేకేసి అప్పటికప్పుడు ఆ ముడి విప్పించింది. పందెం గెలిచారు. ఆ కోపు ఎలాగో తర్వాత నేర్పుతానంది. నేర్పకుండానే ఆ ఏడే విషజ్వరంతో పోయింది. ఆ రోజు ఆడినవాళ్ళూ ఒక్కొక్కరే పోయారు. యాభై ఏళ్ళుగా రత్తమ్మత్త కిటికీ చువ్వకి ఎనిమిది దారాలు కట్టుకుని ఆ కోపు కోసం తడుముకుంటూనే ఉందట. తన తప్పు వల్ల వచ్చింది కాబట్టి మాకెవరికీ చెప్పలేదు.

"నాది మా అమ్మ గొంతే అనేవాళ్ళు" అంది. తర్వాత కళ్ళు తుడుచుకుని, ఆమెని అంత గర్వంగా నేనెప్పుడూ చూడలేదు, "చూశావా టీచరమ్మా, ఒంగోలు మొహం కూడా చూడని మనిషి. సముద్రాలు దాటొచ్చి కేకేసింది" అంది.

నిమ్మకాయ గారడీ విప్పి చెప్పినంత తేలిగ్గా దీన్ని విప్పి చెప్పడం నాకు రాలేదు.

"ఇక లేవండే, నాకు నేర్పండి" అంది రత్తమ్మత్త. లేచి చూస్తే మాకు రాలేదు. ఆ రోజు ఆడిన కాళ్ళూ చేతులూ ఇవే, ఒక్క అడుగు గుర్తు లేదు. సీడీ ఆపి ఆపి చూస్తూ, ఎనిమిది మందిమీ గురువుతో పాటు మొదటి నుంచి నేర్చుకున్నాం. నెల పట్టింది.

గురువు కాలు బాగుపడ్డాక మొదటిసారి మా ఊరి మధ్యలో జడ వేశాం. లచ్చిమిని పక్కన నిలబెట్టి, ఆ తాడు రత్తమ్మత్త పట్టుకుంది. అల్లాం. విప్పడం మొదలుపెట్టాం. మూడో చుట్టులో, అందరూ చూస్తుండగా, కావాలనే బయటి నుంచి దాటింది. మాకు అర్థమైంది. ముడి పడింది. మేం అడుగు అక్కడే వేస్తూ నిలబడ్డాం. కేక వేయాల్సిన గురువు తాడు పట్టుకుని మాలో ఒకతెగా ఉంది, నోరు మెదపదు. నేనే చేతులెత్తి మొదలుపెడదామనుకున్నాను.

మాకెవరికీ ఏమీ వినపడలేదు. ఇది ఖాయం, తర్వాత ఒక్కొక్కరినీ విడిగా అడిగాను. కానీ మా చేతులింకా లేవకముందే రత్తమ్మత్త చటుక్కున వంగింది.

ఆట అయ్యాక దగ్గరికెళ్ళి అడిగాను, "నీకేమన్నా వినపడిందా అత్తా?" అని.

చిన్నపిల్లలా నవ్వింది. "అన్నీ నీకు చెప్పాలా టీచరమ్మా" అని కోలలు సంచిలో వేసుకుని చేనికి పోయింది. ఆ సంగతి నాకింతవరకూ చెప్పలేదు.